తమ్ముడి రేకు ట్యాంకులు

కుట్టుమిషను పక్క బల్ల మీద బొమ్మ విమానాల పాత ఇంధన ట్యాంకులు. కొనడానికొచ్చినాయనా, అమ్మే ఆవిడా.

"అలా చెవి దగ్గర పెట్టుకుని ఊపుతారేంటి? కొబ్బరికాయా అది?"

"లోపల టంకం ముక్క ఊడిందేమోనండి. ఊడితే గలగలమంటుంది."

"మా తమ్ముడు అతికింది ఒక్కటీ ఊడలేదు. మొత్తం పట్టుకుపోండి, పుణ్యముంటుంది. ఎంత కడిగినా, ఆ ఇంధనంలో కలిపే ఆముదం వాసన పోదు. పొద్దున్నే తలుపు తీస్తే వాడే ఇక్కడ కూర్చుని ఇంజను తుడుస్తున్నట్టుంటుంది. భయమేస్తుంది నాకు."

"అన్నీ వద్దండి. ఆ సొట్టదొక్కటి చాలు."

"అదా? కారుతుందది. దేనికీ పనికిరాదు."

"అదే కావాలి."

"అది మాత్రం అమ్మను. వాడి ఆఖరి విమానంలోది."

"తెలుసక్కా."

"ఎలా తెలుసు? అక్కా అంటున్నావు... ఎవరు నువ్వు?"

"ఆవేళ మైదానంలో, వాడి పక్కన..."

"బక్కోడివా! ఓరి నీ అసాధ్యం కూలా, ఈ బొజ్జేంట్రా? ఇన్నేళ్లూ మొహం చాటేశావే!"

"రాలేకపోయాను. అక్కా, అది కింద నించుని నడిపే విమానం కాదు కదా. వదిలితే వదిలినట్టే. ఇంధనం అయిపోతేనే దిగుతుంది. అందుకే వాడు సిరంజితో కొలిచి పావు ట్యాంకే పోసేవాడు. మించితే..."

"మించితే ఎగిరిపోతుంది. నాకు చెప్తావా? తలెత్తుకుని దాని వెంట పరిగెత్తాడు, క్వారీ గొయ్యి చూసుకోలేదు. అందరూ వాడే లెక్క తప్పాడన్నారు. మా నాన్న పోయేదాకా అదే మాట."

"వాడు తప్పలేదు."

"ఏమన్నావ్?"

"వాడు పోయడం నేను చూళ్లేదు. మర్చిపోయాడేమోనని నేనూ ఓ పావు పోశాను. ఎవరికీ చెప్పలేదు. పడుకుంటే చాలు, ఆ ఇంజను మోగుతూనే ఉంటుంది. ఆగదక్కా, ఆగనే ఆగదు."

"ఊరుకో."

"తిట్టు. కొట్టు. ఏదో ఒకటి అను!"

"నువ్వు పోసింది పావేనా?"

"పావే. ఒట్టు."

"వాడిదో పావు, నీదో పావు. సగమే కదరా."

"సగమైనా చాలదా, వాడి ప్రాణం తీయడానికి?"

"ఏమో. ఎక్కువసేపు ఎగిరితే వాడు మురిసిపోతాడని, ఆవేళ మైదానంలో మీరిద్దరూ అటు తిరగ్గానే నిండేదాకా నేను పోశాను."