స్టేషన్ ఎదుటి జిమ్‌డాక్ మీద దొక్మాన్ దండయాత్ర

"ముందే చెప్తున్నా, నేను గొప్పలు పోయే మనిషిని కాదు," అన్నాడు దొక్మాన్.

గ్యాస్ పొయ్యిలు బాగుచేసే దొక్మాన్ ఈ మాటతో మొదలుపెట్టాడంటే, వినేవాళ్లు కుర్చీలు దగ్గరికి లాక్కోవాల్సిందే.

కొరియాలోని ఆన్‌దోంగ్ ఊళ్లో, పాత బజారులో కోడి సందంటే జిమ్‌డాక్‌కి పుట్టిల్లు. కోడిని ముక్కలు కొట్టి, బంగాళదుంప, ఎండుమిరప, చిలగడదుంప సేమ్యా వేసి, సోయా పులుసులో పెద్ద మంట మీద మగ్గించి, చేటంత పళ్లెంలో తెచ్చి మధ్యలో పెడతారు. ఆ సందులో ఏళ్ల తరబడి పొయ్యి ఆర్పని ఒక్పున్ అక్కకి నెల్లాళ్లుగా కంటిమీద కునుకు లేదు. సియోల్ నుంచి వచ్చినవాడెవడో స్టేషన్ ఎదురుగా 'అసలు సిసలు ఆన్‌దోంగ్ జిమ్‌డాక్' అని బోర్డు కట్టాడు. రైలు దిగినవాళ్లు దిగినట్టే అక్కడ ఆగిపోతున్నారు. వాడి వంట నిజంగా బాగుంటే తన హోటలు మూసుకోవడమే. చెత్తగా ఉంటే కొన్నాళ్లు ఓపిక పట్టొచ్చు. తను ఆ గడప తొక్కడం నామోషీ కాబట్టి, తిని చూసి రమ్మని దొక్మాన్‌ని పంపింది.

వెళ్లొచ్చాడు. అక్క హోటల్లో ఖాళీ బల్లల మధ్య కూర్చుని ఇప్పుడు సెలవిస్తున్నాడు.

"వెళ్లాను. కూర్చున్నాను. పళ్లెం తెచ్చాడు. ఊరికే అలా చూశాను, అంతే, నా చూపుకే వాడి చేతులు గజగజలాడాయి."

"పళ్లెం బరువుకేమో అన్నా," అన్నాడు మంగలి బొంగ్సూ.

"నువ్వు నోర్ముయ్యరా. ఒక్క ముక్క నోట్లో పెట్టాను. ఒక్కటంటే ఒక్కటే. ఛీ! అది కోడా, బస్సు టైరా? కొరికితే వచ్చిన చప్పుడుకి బయట ట్యాక్సీవాళ్లు ఏదో గుద్దుకుందనుకుని పరిగెత్తుకొచ్చారు. ఇక పులుసంటావా, సోయా సీసా కడిగిన నీళ్లు. ఈ మాత్రం దానికి ఆన్‌దోంగ్ పేరొకటి! చాప్‌స్టిక్‌లు బల్లమీద కొట్టాను. మెల్లిగానే కొట్టాను, కానీ నా చెయ్యి సంగతి మీకు తెలుసుగా, బల్ల రెండు ముక్కలైంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నిన్ను బయటికి గెంటారు."

"గెంటడమా! ఆ సియోల్‌వాడు చేతులు కట్టుకుని 'అయ్యా, తమరెవరు?' అన్నాడు. 'కోడి సందు మనిషిని' అన్నాను. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. తింటున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. కాలేజీ పిల్ల ఒకతి 'ఇన్నాళ్లూ మేం తిన్నది ఏంటి బాబాయ్' అని బావురుమంది. ఇంతలో నా పళ్లెంలో కదలిక. కోడి లేచింది!"

"ముక్కలుగా ఉన్న కోడి?"

"ముక్కలన్నీ కూడబలుక్కుని ఒకటయ్యాయిరా! నడుముకి సేమ్యా చుట్టుకుని, నుదురు పళ్లేనికి ఆనించి నాకు దణ్ణం పెట్టింది. ఒకటి కాదు, రెండు దణ్ణాలు. నాకు ఒళ్లు మండిపోయింది. 'ఏమే, రెండు దణ్ణాలు పెట్టేది తద్దినం రోజున పోయినవాళ్లకి. నేను నిక్షేపంలా బతికున్నాను, ఒక్కటి చాలు. ఇదేనా సియోల్‌లో నీకు నేర్పిన మర్యాద?' అని కడిగేశాను. సిగ్గుతో ఎర్రబడిపోయింది పాపం."

"అన్నా, జిమ్‌డాక్‌లో తలకాయ వెయ్యరు కదా. దానికి నుదురెక్కడిది?"

"వంటింట్లోంచి తెప్పించుకుంది. అడ్డుప్రశ్నలు తర్వాత! దాని వెనకాల వంటింటి గిన్నెల్లో ఉడుకుతున్న కోళ్లన్నీ మూతలు తోసుకుని లేచాయి. నేను ముందు, కోళ్లు వెనక, వరస తప్పకుండా ఊరేగింపు. నాక్‌దోంగ్ నది వంతెన మీద కార్లు ఆగిపోయాయి. రైలు డ్రైవరు బండి ఆపి టోపీ తీశాడు. సియోల్‌వాడు బోర్డు పీకి చంకలో పెట్టుకుని ఆ రైలే ఎక్కేశాడు. కాబట్టి అక్కా, నీకు బెంగ అక్కర్లేదు. ఆ కొట్టు ఇక లేదు. ఉన్నా అది తిండి కాదు."

బొంగ్సూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఒక్పున్ అక్క నవ్వలేదు. బంగాళదుంప చెక్కు తీస్తూ, తల ఎత్తకుండానే మామూలుగా అంది.

"అవున్లే తమ్ముడూ. అంత సేమ్యా పోస్తే పులుసంతా అదే పీల్చేసి ముద్దైపోతుంది. ఆఖర్న అన్నం కలుపుకుందామన్నా అడుగున చుక్క మిగలదు."

"ఎక్కడ పీల్చిందక్కా!" దొక్మాన్‌కి వంట సంగతి వస్తే ఆగదు. "వాడి పనితనమంతా అక్కడే ఉంది! ఆఖరిదాకా ఏ పోగుకాపోగు విడివిడిగానే ఉంది. రెండో గిన్నె అన్నం కలిపాక కూడా ఇంకా పులుసు తేలుతూనే ఉంటే, పళ్లెం వంచి చెంచాతో..."

ఆగిపోయాడు.

"ఓహో," అన్నాడు బొంగ్సూ. "అటు కోళ్లు ఊరేగుతుంటే, ఇటు నువ్వు పళ్లెం నాకుతున్నావన్నమాట!"

దొక్మాన్ చెవులు ఎర్రబడ్డాయి. "అంటే... వృథా చెయ్యడం ఎందుకని..."

ఒక్పున్ అక్క కత్తి పక్కన పెట్టింది. నడుముకున్న ఆప్రాన్ విప్పి కుర్చీకి వేలాడేసింది.

"లే."

"ఎక్కడికక్కా?"

"అక్కడికే. సేమ్యా ముద్ద కాకుండా వాడేం చేస్తున్నాడో నా నోటితో తిని తెలుసుకోందే నేను పొయ్యి ఆర్పను. పళ్లెం ఒక్కదానికి ఎక్కువవుతుంది, నువ్వూ రా."

"మూసేశాడని చెప్పాను కదక్కా..."

"మూసేసుంటే వెనక్కొద్దాం. నడు."

దొక్మాన్ బొంగ్సూ వంక చూశాడు, నేల వంక చూశాడు, గోడ గడియారం వంక చూశాడు. చటుక్కున లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

"అయితే తొందరగా పదక్కా. ఇంకాసేపాగితే బయట వరసలో నిలబడాల్సొస్తుంది."