గేటు పక్క హొరొయెక

న్యూజీలాండ్‌లోని తారనాకిలో ఉదయం పాలు పితకడం అయ్యాక అక్కాతమ్ముళ్ళు వంటింట్లో టీ తాగుతున్నారు. అక్క చేతిలో, అక్కడి చెట్లను గుర్తుపట్టడానికి వాళ్ళమ్మ వాడిన పాత పుస్తకం ఉంది.

“పదింటికి పొరుగు ఫారం రావిరి రంపం తెస్తాడక్కా. గేటు పక్క చెట్టు తీసేస్తే ట్రాక్టరు హాయిగా తిరుగుతుంది.”

“అది అమ్మ నాటిన హొరొయెక చెట్టురా.”

“కాదు. అమ్మ నాటినదానికి నీళ్ళు పోసింది నేను. దాని ఆకులు పొడుగ్గా, రంపం పళ్ళతో, మూసిన గొడుగులా కిందికి వేలాడేవి. దీనివి పొట్టి ఆకులు, గుబురు తల. నేను సిడ్నీలో ఉన్నప్పుడు అది చచ్చిపోయి ఇది మొలిచుంటుంది.”

“పదిహేనేళ్ళు ఒక్క ఉత్తరం ముక్క రాయనివాడివి, చెట్టు సంగతి నాకు చెప్తున్నావా? ఈ పేజీ చూడు.”

“రెండు బొమ్మలున్నాయి. రెండు చెట్లు.”

“కళ్ళజోడు పెట్టుకో. రెండూ ఒకటే. చిన్నప్పుడు అలా ఉంటుంది, పెద్దయ్యాక ఇలా అవుతుంది. నా కళ్ళ ముందే మారింది.”

“పక్కన పెన్సిలుతో ఏదో రాసుంది.”

“అమ్మ రాత. నువ్వు వెళ్ళిపోయిన ఏడాది రాసింది. చదువు.”

“‘చాలా ఏళ్ళు తల వంచుకుని, మొండిగా ఉంటుంది. తలెత్తేదాకా ఓపిక పట్టాలి. మా వాడూ అంతే.’”

“టీ చల్లారిపోతోందిరా.”

“రావిరికి ఫోన్ చెయ్యక్కా.”

“రావద్దని చెప్పనా?”

“రమ్మను. గేటు జరపాలి.”