లెమొనియా బండి

గ్రీసులోని కాలిమ్నోస్ దీవి రేవు వెనక సందులోని రిపేరు కొట్టుకి లెమొనియా తల్లి సంతాపపు నల్లబట్టల్లోనే వచ్చి, కూతురు సరదాపడి కొనుక్కున్న రిమోట్ బండిని బల్ల మీద పెట్టింది. కూతురు కొండ మీంచి పడి చనిపోయినప్పటి నుంచి ఆమె ఆ కొట్టు నడిపే కుర్రాడితో మాట్లాడలేదు. అందుకే అతను ఆమె ముఖం చూడలేక బండినే చూశాడు.

"రాళ్లెక్కే బండే గానీ, ఇది కొత్తగా నేర్చుకునేవాళ్లది పిన్నీ. గడప దాటడానికే తిప్పలు పడుతుంది."

"లెమొనియా దాన్ని తిట్టుకోవడం నేనూ విన్నాలే. కొండెక్కేలా చెయ్యి."

"అందరూ పెద్ద మోటారు వెయ్యమంటారు. వేస్తే వెల్లకిలా పడుతుంది. మెత్తటి టైర్లు వేసి, ముందు చక్రాల్లో బరువు పెడితే రాయిని పట్టుకుని మెల్లగా పోతుంది."

"బరువుకి ఇవి పనికొస్తాయా? వాళ్ల నాన్న వలకి కట్టే సీసపు గుళ్లు."

"బాగా పనికొస్తాయి. బండి మీద ఏం పెడతావు?"

"పోయినవాళ్లకి పెట్టే శనివారం దీపం."

అతని చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది.

"లెమొనియా పడిన చోటికా? పిన్నీ, అక్కడ దీపం..."

"నువ్వే పెడుతున్నావు. మా మేడ మీంచి చూస్తూనే ఉన్నా. తాడు కట్టుకోకుండా ఎక్కుతున్నావు."

"ఆ రోజు లెమొనియాకి కట్టిన తాడు కింద పట్టుకున్నది నేనే. మళ్లీ తాడు ముట్టుకోలేను పిన్నీ."

"ముట్టుకోకు. ఎక్కనూ వద్దు. ఒకరు పోయింది చాలు."

"మరి బండి నువ్వు నడుపుతావా?"

"నాకా మీటలు తిప్పడం ఏం వచ్చు? కింద నా పక్కన నిలబడి నువ్వే నడపాలి."