లాకు నింపి పెట్టిందెవరు?

హలో… ఆ, వినపడుతోందా అందరికీ? ఇక్కడ ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో ఏప్రిల్ అంటే ఒక్క పూటలోనే ఎండా, వానా, వడగళ్లూ. ఇల్లు అద్దెకిచ్చి ఏడాదిగా కాలువల మీద తిరిగే ఇరుకు పడవలో కాపురం ఉంటున్న ట్రెవర్, గ్లెనిస్ అనే మొగుడూపెళ్లాల మాటలివి. అరవై దాటినవాళ్లు. పొద్దున ఒడ్డున కట్టేసి ఉన్న వాళ్ల పడవ పక్కనుంచి ఒక ఎర్ర పడవ జోరుగా పోయింది. ఆ ఊపుకి తాళ్లు కట్టిన మేకులు ఊడొచ్చాయి, గ్లెనిస్ చేతి మీద వేడి టీ ఒలికింది. మధ్యాహ్నం దాటినా ట్రెవర్ చుక్కాని పట్టుకుని ఆ ఎర్ర పడవని ఇంకా తరుముతూనే ఉన్నాడు. తరమడమంటే ఏముంది, మనిషి నడక కంటే కాస్త జోరు. దారిలో లాకులు కూడా ఉన్నాయి, అంటే రెండు తలుపుల మధ్య నీళ్లు నింపి, వదిలి, పడవని కాలువ పై మట్టం నుంచి కింది మట్టానికి దించే తొట్లు.

"తగ్గించు ట్రెవర్. వెనక అల చూడు, ఒడ్డు మట్టంతా కోసుకుపోతోంది."

"వాడు తగ్గించాడా?"

"వాడో, ఆవిడో. నువ్వు చూశావా?"

"చూడక్కర్లేదు. దొరకనీ, నాలుగు మాటలు సిద్ధంగా పెట్టుకున్నాను. ఏమయ్యా, కట్టేసిన పడవ కనపడితే నెమ్మది చెయ్యాలని నీకెవరూ చెప్పలేదా, లోపల నా భార్య ఉంది, అంటాను."

"నీ భార్య చేతి మీద చన్నీళ్లు పోసుకుంది, మంట తగ్గింది. నీ మంటకే కాలువ నీళ్లన్నీ చాలట్లేదు."

"హాస్యంగా ఉందా నీకు?"

"లేదు, ఒళ్లు మండుతోంది. ఇవాళేంటో గుర్తుందా?"

"ఉంది. సాయంత్రం ఐదుకల్లా ఇంట్లో అద్దెకున్నవాళ్లకి చెప్పాలి. మనం ఇంటికి వెళ్లిపోతున్నామా, ఇంకో ఏడాది పడవలోనేనా అని. అది నువ్వే తేల్చాలి."

"తేల్చుకోడానికి ఒక్క రోజు ప్రశాంతంగా తిప్పుతానన్నావు."

"అందుకే కదా నా కోపం. ఈ ఒక్క రోజు బావుంటే నువ్వు ఉంటానంటావేమో అనుకున్నాను. వాడు పాడుచేశాడు."

"వాళ్లు ఒక్క నిమిషం పాడుచేశారు. పొద్దున్నించీ పాడుచేస్తున్నది నువ్వు… ఎండొచ్చింది, కోటు తీసెయ్యి."

"తీయను. మళ్లీ పడుతుంది."

"ముందు ఆకుపచ్చ పడవ. కట్టేసి ఉంది. నెమ్మది."

"గాలి అడ్డంగా కొడుతోంది. నెమ్మది చేస్తే చుక్కాని మాట వినదు, పోయి వాళ్లనే గుద్దుతాం."

"గాలి ఎప్పుడో ఆగిపోయింది."

"మళ్లీ లేస్తుంది."

"ట్రెవర్… వాళ్ల తాడు చూడు, ఎలా గుంజేసిందో. కిటికీలోంచి ఎవరో అరుస్తున్నారు."

"నాకేం వినపడలేదు."

"నాకు వినపడింది."

"అదిగో లాకు. ఆపుతున్నా, దిగు."

"ఆ తూములు తిప్పే పిడి ఇటివ్వు."

"చెయ్యి కాలింది కదా, తూములు నేను తిప్పుతాలే."

"ఏడాదిగా లేనిది ఇవాళేంటి? చుక్కాని నీది, లాకులు నావి. వానైనా, మంచైనా."

"వానలో నేనూ తడుస్తున్నాను."

"నువ్వు నిలబడి తడుస్తావు. నేను తలుపులు తోస్తూ తడుస్తాను."

"సరే, సరే… అదిగో, చూశావా? పై తలుపు బార్లా తెరిచి పోయాడు. వెళ్లేటప్పుడు తలుపులు మూయాలన్న మర్యాద కూడా లేదు వాడికి."

"ఆగు. నీళ్లు చూడు."

"నిండా ఉన్నాయి. అయితే?"

"మనలాగే వాళ్లూ కిందికే దిగారు. దిగిపోయాక లాకు అడుగంటి ఉండాలి కదా. మనం నింపుకోవాలి."

"పైకొచ్చే పడవేదో వచ్చి ఉంటుంది."

"వస్తే మనకి ఎదురు పడేది. ఎగిరిపోయిందా?"

"నన్నడిగితే? దింపు ముందు."

రెండో లాకు దగ్గర మళ్లీ వాన.

"ఇదీ నిండే ఉంది ట్రెవర్. ఇదీ తెరిచే ఉంది."

"ఒట్టి బద్ధకం."

"బద్ధకస్తులు ఖాళీగా వదిలేసి పోతారు. కిందికి దిగాక పడవ కట్టేసి, వెనక్కి నడిచొచ్చి, కింది తూములు మూసి, పైవి ఎత్తి, నిండేదాకా నిలబడి, ఈ తలుపు తోసి పెట్టారు. మన కోసం."

"మన కోసం ఎందుకు?"

"పొద్దున నీ తిట్లు కాలువంతా వినపడ్డాయి. ఎదురుపడి క్షమించమనడానికి ఎవరికి ధైర్యం వస్తుంది?… నువ్వు పడవ తీసుకురా. నేను గట్టు మీద ముందు నడుస్తాను."

మూడో లాకు దగ్గర గ్లెనిస్ ఒక్కతే నిలబడి ఉంది.

"దొరికాడా? ఏడీ?"

"ఆడమనిషి. ఒక్కతే తోలుకుంటోంది. వడగళ్లు మొహాన కొడుతుంటే కళ్లు తెరవలేకపోయిందట. నెమ్మది చేస్తే గాలికి మనల్నే గుద్దేదాన్నంది."

"గాలి వంక."

"ఆ, గాలి వంకే. కాకపోతే పొద్దున నిజంగా గాలుంది."

"ఏదీ, ఎక్కడుంది?"

"నేనే పంపించేశాను. నీ నాలుగు మాటలూ వినక్కర్లేదని చెప్పాను."

"గ్లెనిస్, నా మాట కూడా…"

ఇంతలో గట్టు మీద ఒక సైకిలొచ్చి ఆగింది.

"ఏమయ్యా, ఈ నీలం పడవ నీదేనా?"

"నాదే. ఎవరు మీరు? సైకిలేసుకుని అంత ఆయాసంగా…"

"వెనక ఆకుపచ్చ పడవ నాది. కట్టేసిన పడవ కనపడితే నెమ్మది చెయ్యాలని నీకెవరూ చెప్పలేదా? లోపల నా భార్య ఉంది, పొయ్యి ముందు."

"అంటే, అప్పుడు గాలి…"

"ఏ గాలి?"

"చెప్పు ట్రెవర్. ఏ గాలి?"

"…గాలి లేదండీ. తప్పు నాదే. ఆవిడకేమైనా అయిందా?"

"సూపంతా నేలపాలైంది. గిన్నె అటు పడబట్టి సరిపోయింది, ఇటు పడుంటే నేను మాటలతో పోనిచ్చేవాణ్ని కాదు. రేపు పొద్దున్నే ఈ మూడు లాకులూ దిగి వస్తాం. నా కంట పడకు."

"క్షమించండి."

"ఆ ముక్క ఆవిడకి చెప్పాల్సింది."

సైకిలు వంతెన దాటింది.

"పోయాడు. నువ్వూ అనేయ్, అనదల్చుకున్నది."

"నా మాటలన్నీ ఆయనే అనేశాడు. టైమెంత?"

"ఐదు కావస్తోంది. వాళ్లకి ఫోన్ చెయ్యి గ్లెనిస్, ఇల్లు ఖాళీ చెయ్యమను. నేను అడ్డు చెప్పను. ఇలాంటివాడితో ఇంకో ఏడాది నీకెందుకు?"

"ఇదిగో, పిడి పట్టుకో."

"ఎందుకు?"

"రేపు తెల్లారగానే వెనక్కి నడిచి మూడు లాకులూ నింపి, ఆ ఆకుపచ్చ పడవకి తలుపులు తెరిచి పెట్టు. వానొచ్చినా సరే."

"నేనా? మరి చుక్కాని?"

"చుక్కాని ఇకనుంచి నాది. ఇంకో ఏడాది."

విన్నారుగా. ఏళ్ల తరబడి చుక్కాని ఒకరి చేతిలోనే ఉండిపోయిన ఇల్లు మీకెవరిదైనా తెలిస్తే, ఇది వాళ్లకి పంపండి. చుక్కాని పట్టుకున్నవాళ్లకే ముందు పంపండి.