మూడో ప్రాసెసర్

బల్గేరియా రాజధాని సోఫియాలో ఆ కంప్యూటర్ల రిపేరు కొట్టు నేలమాళిగలో ఉంది. దాని కిటికీ కాలిబాటకు మోకాలెత్తునే ఉంటుంది కాబట్టి వచ్చినవాళ్ళు గొంతుక్కూర్చుని లోపలివాడితో మాట్లాడాలి. ఓ ముసలావిడ అలా కూర్చోవడం ఆ వారంలో మూడోసారి. ఆమె చేతిలోని ప్రాసెసర్ చూడగానే అతనికి ఒళ్ళు మండింది.

“పెద్దమ్మా, నేను కాగితం మీద రాసిచ్చిన నంబరేది, మీరు తెచ్చిందేది?”

“సంతలో వాడు ఇంకా పెద్ద నంబరుది ఇచ్చాడు నాయనా. పెద్దదైతే మంచిదేగా.”

“మీ లాప్‌టాప్ పదేళ్ళ నాటిది. దీని పిన్నులు అందులో దిగవు. మొన్నటిదీ దిగలేదు, అంతకు ముందుదీ దిగలేదు.”

“కాస్త నొక్కి చూడు.”

“నొక్కితే బోర్డే పోతుంది. అసలు అంత వేగం మీకెందుకు?”

“మా ఆయన దాంతో చదరంగం ఆడతాడు. అది ఒక్కో ఎత్తుకి పావుగంట ఆలోచిస్తుంది. ఆ పావుగంటా ఈయన వంటింట్లోకొచ్చి, మిరపకాయలెలా కాల్చాలో నాకు నేర్పుతాడు.”

“ఓస్, ఇంతేనా. ప్రాసెసరెందుకు, ఆటలో స్థాయి తగ్గిస్తే సరి. చిటికెలో ఎత్తు వేస్తుంది.”

“తగ్గిస్తే ఆయన గెలుస్తాడుగా.”

“గెలవనివ్వండి.”

ఆవిడ అతణ్ణి జాలిగా చూసింది.

“ఆ నంబరు మళ్ళీ రాసివ్వు నాయనా. ఓడిపోయే మనిషితోనే వేగలేక చస్తున్నాను, గెలిచేవాడితో ఎక్కడ వేగను?”