ఆరున్నొకటి

పాసు చేశాను గదమ్మా అంటావేంది, మాలకొండయ్యా! పాసు చెయ్యలేదని నేనన్నానా? కూచో. ఆ నులకమంచం మీదే కూచో. నా తర్వాత ఆ బళ్లోకొచ్చిన మాస్టరువి, నువ్వు నాకు పరాయివాడివి కాదు.

నాగులు బడికి రావడంలేదు, రెబెక్కమ్మ టీచర్ చెబితే వింటుంది అని ఎవరో అన్నారు, వచ్చావు. మంచిదే. ఎందుకు రావడంలేదో మాత్రం నీకెవరూ చెప్పలేదా? తండ్రి పోయిన దుఃఖం అనుకుంటున్నావా? అది సగమే నాయనా. మిగతా సగం నీ పరీక్షలో ఉండాది.

అయ్యో, లెయ్యబాకు! కోపం కాదు. పాఠం చెప్పినట్టు చెబుతాను, విను. అలవాటు చావలేదు.

పరీక్షలు రెండు రకాలు. తెప్ప ఒడ్డుకొచ్చినాక ఇక్కడివాళ్ళు ఇసకలో కూచుని, వల కన్ను కన్నూ వేళ్ళతో తడుముతారు, చూశావా? యాడ తెగిందో ఆడనే ముడేస్తారు. అదొక పరీక్ష. అదే వలని అమ్మకానికి పెడితే, కొనేవాడు ఒక్కసారి ఎత్తి చూసి 'ఇంత' అంటాడు. అదింకొకటి. వాడు ముడెయ్యడు, వాడి పని అది కాదు. రెండూ కావాల్సిందే, నేను కాదన్లేదు. పిల్లని పై తరగతికి పంపాలంటే ఎవరో ఒకరు ఎత్తి చూడొద్దూ? కాకపోతే, ఎత్తి చూసేవాడికి ఆ వల కత తెలియదు.

నిరుడు పంచాయతీ సమితి వాళ్ళు నిన్ను ఈ బడికి వేసేదాకా నాగులు నా దగ్గరే చదివింది. లెక్కలు రావనుకున్నావు గదా? ముందర ఆల్చిప్పలు పొయ్యి, నీకంటే ముందే చెబుతుంది. ఆ ఒక్క అంకె దగ్గరికొస్తే మాత్రం పలక మీద గీసి చూపించేది. నోరు విప్పితే 'ఆరున్నొకటి' అనేది. ఎందుకే అంటే, 'నాయన నీళ్ళ మీద ఉండాడు గదవ్వా!' అనేది. మగవాళ్ళు సముద్రం మీదుంటే ఇంట్లో ఆ మాట అనకూడదు. ఏడు అంటే అంకే, ఏడు అంటే ఏడవమనీ గదా! మీ రైతుల ఇళ్ళల్లో వడ్లు కొలిచేటప్పుడు ఆరున్నొకటి అనరా ఏంది? మీ అమ్మ అనదూ?

ఆఁ. అంటుంది గదా. మరి!

నేను పోనీలే అనుకున్నా. లెక్క వచ్చింది, పలక మీద అంకె ఉండాది, చాలదా? పెద్దయితే మాట అదే వస్తుంది అనుకున్నా.

ఆ రోజు నీ పరీక్షలో నోటి లెక్కలు. పదిహేనులో ఎనిమిది పోతే ఎంత అన్నావు. ఆరున్నొకటి సార్ అంది. నువ్వేమన్నావు, గుర్తుందా? 'ఆరున్నొక్క రాగం తియ్యబాకు, తిన్నగా చెప్పు' అన్నావు. పిల్లలంతా ఒకటే నవ్వంట. నేనున్నా నవ్వేదాన్నేమో, మాట బాగుండాది గదా. పాపం, పలక ఎత్తి చూపించబోయింది. నోటి లెక్కకి పలకేంది, దించు అన్నావు. తప్పనను, పద్ధతి అదే. చెబితే పాసు, లేకపోతే మళ్ళీ ఇదే తరగతి అన్నావు.

చెప్పింది. వినపళ్ళేదు, గట్టిగా అనమన్నావు. గట్టిగా అంది. నువ్వు భేష్ అన్నావు.

మధ్యాహ్నం గాలి తిరిగింది. పొద్దుగూకేసరికి దాని నాయన ముత్యాలయ్య తెప్ప ఒడ్డుకు కొట్టుకొచ్చింది. తెప్ప ఒకటే.

తలొంచుకోబాకు నాయనా. గాలి నీ మాట విని తిరగలేదు, దాని మాట వినీ తిరగలేదు. నాకు తెలుసు, నీకు తెలుసు. ఆ పిల్లకి? 'నేనే అన్నానవ్వా, గట్టిగా అన్నా' అంటుంది. పై తరగతి కొచ్చినావు గదే అంటే గుడ్లప్పగించి చూస్తుంది. నాయన్ని ఇచ్చి తెచ్చుకున్న పాసు గదా అది, దాని లెక్కలో! వాళ్ళమ్మ కామమ్మకి చెప్పొద్దని నా కాళ్ళు పట్టుకుంది. ఊరంతా ఏడ్చినారు, అది మాత్రం ఏడవలేదు. ఆ మాట దగ్గరికే పోదు ఇప్పుడు.

మీరు చెప్పి చూడండమ్మా అంటావా? చెప్పలేదనుకున్నావా? నిన్న పోయినా. ఒళ్ళో కూచోబెట్టుకున్నా. అంకె అంకేనే తల్లీ, దానికి మనిషిని ముంచే బలం యాడిది, నువ్వు ఎంత గట్టిగా అన్నా సముద్రానికి వినపడదే అని చెప్పినా. బళ్లో చెప్పినట్టే చెప్పినా, మెల్లగా, ఒకటికి రెండుసార్లు. అంతా విన్నది. బుద్ధిమంతురాలు గదా, ఎప్పుడూ వింటుంది.

విని, ఏమడిగిందో తెలుసా?

'అట్టయితే అవ్వా, అన్నేళ్ళూ నువ్వు నాచేత ఒక్కసారన్నా ఎందుకు అనిపించలేదు?'

నొప్పించకూడదని అనిపించలేదు నాయనా. అది ఏమని చదువుకుందో చూడు: టీచరవ్వక్కూడా భయమే అని. రోజూ వల తడిమినదాన్ని నేను. ఆ తెగిన కన్ను నా వేళ్ళకి తగల్లేదా? తగిలింది. ముడెయ్యకుండానే ఆరేసినా.

దాన్ని ఒళ్ళోంచి దించినా. లేచి వచ్చేసినా.

ఇదిగో, మజ్జిగ తాగు. జవాబు రానివాళ్ళకి నీ పద్ధతిలో ఏమేస్తావు? సున్నానే గదా. సందేహమెందుకు, నాకూ అదే వెయ్యి. ముసలిదాన్నని చూడబాకు.