టీకి ముందు ఒక తప్పు

ఆ టీ అక్కడ పెట్టు. తర్వాత తాగుతాను. ఏంటీ, అప్పట్లో మందుల షాపుల సంఘం మీటింగుకి అంతమంది ఎలా వచ్చేవాళ్లనా? మీ వాట్సాప్ గ్రూపులో రెండొందల మంది ఉన్నారన్నావుగా. పొద్దున్నే పూలబొమ్మలు పెడతారు, ఎవరిదైనా పుట్టినరోజంటే చప్పట్ల బొమ్మలు పెడతారు. కార్యదర్శివి, నువ్వు రమ్మంటే మాత్రం ఏడుగురొస్తారు. అందులో ఇద్దరం మనమే. అప్పుడలా కాదు తల్లీ. ఊరంతా కలిపి మందుల షాపులు ముప్పై, మీటింగుకి నలభైమందిమి. కుర్చీలు చాలక పక్క టైలరు దగ్గర బల్ల అడిగి తెచ్చుకునేవాళ్లం. అంతా అట్టలక్కయ్య వల్ల. నీకు గుర్తుండదులే, చంకలో పిల్లవి.

మా మొదటి కార్యదర్శి ఆవిడ. ఆసుపత్రి ఎదురుగా షాపు. పొట్టి మనిషి, కళ్లద్దాలు ముక్కు చివర. ఖాళీ అయిన మందుల పెట్టెలు పారేసేది కాదు. కత్తెరతో కోసి, లోపలి తెల్లటి వైపు పైకి తిప్పి, అరచేతంత అట్టలు చేసేది. మీటింగు రోజు ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని గుమ్మం దగ్గరే కూర్చునేది. టీ కావాలంటే ఒక తప్పు చెప్పాలి. ఆ నెల కౌంటర్లో నువ్వు చేసిన తప్పు, లేదంటే చెయ్యబోయి ఆగిన తప్పు. ఏమీ లేదంటావా? "అయితే మంచినీళ్లు తాగు నాయనా, తప్పు చెయ్యనివాళ్లకి టీ పడదు" అనేది. ముక్కుతో మాట్లాడేదిలే, ఇలా. బస్టాండు పక్క షాపాయన మహా బిగువు. "నా సర్వీసులో తప్పనేదే లేదండీ" అంటూ మూడు నెలలు మంచినీళ్లే తాగాడు. నాలుగో నెల చలి బాగా ఉంది. ఫ్లాస్కు మూత తీసిందావిడ. "చెవి చుక్కలు కంట్లో వెయ్యమని చెప్పి పంపానండీ, వీధి చివరిదాకా పరిగెత్తి పట్టుకున్నా" అన్నాడు గబగబా. గదంతా నవ్వు. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. మన షాపులో ఆ రెండు సీసాలూ ఎక్కడున్నాయా అని ప్రతివాళ్లూ లోపల వెతుక్కుంటున్నారు. మర్నాటికి అన్ని షాపుల్లోనూ ఆ రెండూ వేరే అరల్లోకి వెళ్లిపోయాయి. అదీ, అందుకు వచ్చేవాళ్లం. టీ కోసం కాదు. సరే, టీ కోసం కూడా అనుకో, చక్కెర ధారాళంగా వేసేది.

చెప్పిన తప్పు ఆవిడ అట్ట మీద రాసేది, పేర్లుండవు. "ఒక చెయ్యి" అని మొదలు. ఒక చెయ్యి తొందరలో చెవి మందు కంటికిచ్చింది. అంతే. ఎవరి చెయ్యో గది దాటదు. తనవి మాత్రం పేరు పెట్టి రాసుకునేది. "కార్యదర్శే చెయ్యి దాచుకుంటే మీరెందుకు చాపుతారు" అనేది. అట్టలన్నీ బిస్కెట్ డబ్బాల్లో పెట్టేది. మందు పేర్లబట్టి కాదు, తప్పు ఎందుకు జరిగిందో దాన్నిబట్టి. సీసాల పోలికకి ఒక డబ్బా, డాక్టర్ల చేతిరాతకి ఒకటి, తొందరకి ఒకటి. తొందర డబ్బాకి మూత పట్టేది కాదు. కొత్తగా షాపు పెట్టినవాళ్లు వారంరోజులు ఆ డబ్బాలు చదవాల్సిందే. నేనూ చదివాను.

ఆవిడ పోయాకా? కొన్నాళ్లు నడిచింది. తర్వాత వచ్చినాయనకి ఉపన్యాసాలిష్టం. బొకేలు, ఫోటోలు. టీ రాగానే అందరికీ ఇచ్చేసేవాళ్లు. మంచిదేగా అనుకున్నాం. ఒక్కొక్కరే రావడం మానేశారు. డబ్బాలు బీరువాలోకెళ్లాయి. తాళం నీ దగ్గరే ఉంది, నువ్వెప్పుడూ తియ్యలేదు. నిన్ననడం లేదు. నేను చెప్పాలిగా. చెప్పలేదు.

ఒకటుంది. మీ నాన్నకి కూడా తెలియదు. అప్పట్లో నీకు పళ్లొస్తున్నాయి, నాకు నిద్రల్లేవు. పసిపిల్లల జ్వరం మందు చుక్కల సీసాగానూ వస్తుంది, చెంచాలతో పట్టేదిగానూ వస్తుంది, పేరొకటే. చుక్కలది నాలుగింతలు గాఢం. డాక్టరు చెంచా మందు రాస్తే చుక్కలది ఇచ్చాను. వాళ్లింటికి పరిగెత్తి వెనక్కి తెచ్చుకున్నాను. ఏమీ కాలేదు. ఆ నెల మీటింగులో ఏం చెప్పానో తెలుసా? లేబులు తలకిందులుగా అంటించానన్నాను. అక్కయ్య కళ్లద్దాల మీంచి చూసింది. టీ పోసింది. తాగాను.

రెండు నెలలకి రైల్వే గేటు దగ్గర షాపాయన అదే తప్పు చేశాడు. ఆ మందు తాగిన పాప ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంది. బతికిందిలే. ఆయన మీటింగులో లేచి నిలబడి, "ఒక్కరైనా ముందు చెప్పి ఉంటే" అన్నాడు. నేను రెండో వరసలో ఉన్నాను. ఆయన అట్ట కూడా ఆ బీరువాలోనే ఉంది.

నిన్న నేను మళ్లీ చెంచా మందుకి చుక్కల సీసా ఇచ్చాను. తీసుకెళ్లిన ఆ ముసలావిడ తిరిగొచ్చి, "చెంచా ఇవ్వలేదేమమ్మా, ఈ డ్రాపరుతో చెంచా నిండాలంటే ఎన్నిసార్లు పిండాలి" అని అడగకపోతే? ఆవిడ వెళ్లాక నువ్వు నాతో ఏమన్నావు? "ఇంకా పట్టలేదు కదమ్మా, ఎవరికీ చెప్పకు, షాపు పేరు పోతుంది." నేను నేర్పిందే కదా. నోటితో చెప్పకపోయినా.

మీటింగు నాలుగింటికి కదూ? ఏడుగురైతే ఏడుగురు. ఆ ఖాళీ పెట్టె ఇలా తే. కత్తెర కూడా. లోపలివైపు, తెల్లగా ఉందే, అటు. నువ్వే రాయి, నా రాత వంకర పోతోంది. ఒక చెయ్యి... వద్దు, కొట్టెయ్. నా పేరు పెట్టు. రెండుసార్లు అని రాయి. రాశావా?

ఇప్పుడు ఇటివ్వు ఆ టీ. చల్లారితే చల్లారింది.